బ్రిటన్‌లో పెద్దవాళ్లకు బెనిఫిట్లు, కరెంటు, గ్యాస్ బిల్లుల సలహా: మొదటి విజిట్ నుంచి చివరి చెక్ దాకా

వాలంటీరుగా చేరినవాళ్లూ, కొత్తగా సలహాదారు ఉద్యోగంలోకి వచ్చినవాళ్లూ అడిగే ప్రశ్న ఒకటే: "పెద్దావిడ ఇంటికి వెళ్తున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి?" చాలామంది టేబుల్ మీద కనబడ్డ గ్యాస్ బిల్లుతో మొదలుపెడతారు. అక్కడే తప్పు జరుగుతుంది. బిల్లు సరిచేస్తే ఏడాదికి వందో రెండొందలో పౌండ్లు మిగలొచ్చు. రావలసిన బెనిఫిట్ (ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం) రాకుండా ఉంటే కొన్ని ఇళ్లలో వారం వారమూ అంత పోతోంది. అందుకే ముందు రాబడి, తర్వాత బిల్లు, ఆ తర్వాత ఇంటి వెచ్చదనం.

ఒక్క మినహాయింపు ఉంది. మీరు వెళ్లేసరికి ఇల్లు చల్లగా ఉన్నా, ప్రీపేమెంట్ మీటర్లో (ముందే డబ్బు వేసి వాడుకునేది) డబ్బు అయిపోయినా, మిగతాదంతా పక్కన పెట్టండి. అక్కడి నుంచే సప్లయర్‌కు (కరెంటు, గ్యాస్ ఇచ్చే కంపెనీకి) ఫోన్ చేసి, ఇంట్లో పెద్దవాళ్లున్నారని చెప్పి అదనపు క్రెడిట్ అడగండి. కౌన్సిల్‌లో (స్థానిక ప్రభుత్వంలో) ఫ్యూయల్ వోచర్ దొరుకుతుందేమో కనుక్కోండి. ఫారాలు రేపు నింపొచ్చు.

ఇక్కడ ఇచ్చిన అంకెలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి. ఏటా ఏప్రిల్‌లో మారతాయి కాబట్టి లెక్క వేసేముందు ఆ ఏడాది రేట్లు ప్రభుత్వ వెబ్‌సైటు గవ్.యూకేలో చూసుకోండి. నియమాలు ఇంగ్లండ్, వేల్స్‌కు సంబంధించినవి. స్కాట్లాండ్‌లో కొన్నింటి పేరూ పద్ధతీ వేరు: అటెండెన్స్ అలవెన్స్ (రోజువారీ సాయం అవసరమైన పెద్దవాళ్లకు ఇచ్చే బెనిఫిట్) స్థానంలో అక్కడ పెన్షన్ ఏజ్ డిజబిలిటీ పేమెంట్ ఉంది.

ఏమేం కావాలి

విజిట్‌కు రెండు రోజుల ముందు ఫోన్ చేసి ఇవి తీసి పెట్టమనండి. ఇన్ని కాగితాలని చెబితే కొందరు బెదిరిపోతారు, కాబట్టి "ఉన్నవి ఒక సంచిలో వేసి ఉంచండి, నేనొచ్చి చూస్తాను" అంటే చాలు.

- నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, బ్యాంకు వివరాలు
- స్టేట్ పెన్షన్ ఉత్తరం, ప్రైవేటు పెన్షన్ ఉంటే దాని స్లిప్
- అన్ని ఖాతాల తాజా స్టేట్‌మెంట్లు (దేశం బయట ఉన్నవి కూడా)
- కౌన్సిల్ టాక్స్ బిల్లు, అద్దె ఒప్పందం
- కరెంటు, గ్యాస్ బిల్లులు, వీలైతే ఏడాదివి
- మందుల రిపీట్ ప్రిస్క్రిప్షన్ కాగితం, హాస్పిటల్ ఉత్తరాలు
- పాస్‌పోర్టు, వీసా లేదా ఈవీసా వివరాలు

మీ సంచిలో టార్చి, గది థర్మామీటరు, క్యాలిక్యులేటరు, సంతకం చేయించడానికి అనుమతి పత్రం ఉండాలి. అనుమతి పత్రం లేకుండా డీడబ్ల్యూపీతో (బెనిఫిట్లు చూసే ప్రభుత్వ శాఖతో) గానీ సప్లయర్‌తో గానీ వాళ్ల తరఫున మాట్లాడలేరు. పత్రం ఇంట్లో మరచిపోయి వస్తే మనిషి పక్కనే ఉండగా ఫోన్ చేసి, భద్రతా ప్రశ్నలకు ఆవిడ చేతే జవాబు చెప్పించి, "ఈయన మాట్లాడతారు" అని అనిపించండి. ఆవిడకు ఇంగ్లీషు రాకపోతే డీడబ్ల్యూపీని దుబాసీ కావాలని అడగొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. మనవణ్ణి మధ్యలో పెట్టి మాట్లాడించకండి. నానమ్మ బాత్రూము కష్టాలు పన్నెండేళ్ల పిల్లాడి నోట సరిగా రావు.

1. ముందు వీసా చూడండి

తెలుగు కుటుంబాల్లో ఇది అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. తల్లిదండ్రుల వీసా మీద "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" (ప్రభుత్వ సాయం తీసుకోకూడదు) అని ఉంటే పెన్షన్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్న పెద్దవాళ్లకు ఇచ్చేది), అటెండెన్స్ అలవెన్స్, హౌసింగ్ బెనిఫిట్ (అద్దెకు సాయం), కౌన్సిల్ టాక్స్ రిడక్షన్ అడగకూడదు. అడిగితే వీసాకే ముప్పు రావచ్చు. షరతు ఉందో లేదో స్పష్టంగా తెలియకపోతే అక్కడితో ఆగండి. ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వడానికి ఇమ్మిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేకుండా సలహా ఇవ్వడం నేరం, "నాకు తెలిసినంత వరకు ఏం కాదండీ" అని భరోసా ఇవ్వడం కూడా అందులోకే వస్తుంది. రిజిస్టరైన సలహాదారు దగ్గరకు పంపండి. ఈలోగా మీరు చేయగలిగిన పని ఉంది: 6వ అడుగు నుంచి చెప్పిన మీటరు, బిల్లు పనుల్లో చాలావాటికి వీసాతో సంబంధం లేదు.

వయసు కూడా ఇప్పుడే చూడండి. స్టేట్ పెన్షన్ వయసు 2026 ఏప్రిల్ దాకా 66. 2026 ఏప్రిల్ నుంచి మెల్లగా పెరుగుతూ 2028 నాటికి 67 అవుతుంది. 1960 ఏప్రిల్ 6న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ల తేదీ గవ్.యూకేలో విడిగా చూడాలి. దంపతుల్లో ఒకరికే పెన్షన్ వయసు వచ్చి ఉంటే 2019 మే 15 నుంచి సాధారణంగా యూనివర్సల్ క్రెడిట్టే (పని వయసువాళ్ల బెనిఫిట్) దిక్కు, పెన్షన్ క్రెడిట్ కాదు.

2. అటెండెన్స్ అలవెన్స్ గడియారం మొదలుపెట్టండి

పెన్షన్ వయసు దాటి, జబ్బు వల్లో వైకల్యం వల్లో కనీసం 6 నెలలుగా సాయం అవసరమవుతున్నవాళ్లకు ఇది వస్తుంది. ఆదాయం చూడరు, దాచుకున్న డబ్బు చూడరు. వారానికి 73.90 పౌండ్లు, లేదా 110.40. పగలు గానీ రాత్రి గానీ ఒక పూటే అవసరముంటే తక్కువ రేటు, రెండు పూటలా ఉంటే ఎక్కువ రేటు. ప్రాణాంతక జబ్బుతో 12 నెలలకు మించి బతకరని డాక్టర్లు అనుకుంటున్నవాళ్లకు 6 నెలల నిరీక్షణ లేదు, నేరుగా ఎక్కువ రేటు ఇస్తారు.

ఫారం డౌన్‌లోడ్ చేసుకుంటే అది వాళ్లకు చేరిన రోజే క్లెయిమ్ తేదీ అవుతుంది. 0800 731 0122కు ఫోన్ చేసి ఫారం తెప్పించుకుంటే, ఆ ఫోన్ తేదీ ముద్ర వేసి పంపుతారు. 6 వారాల్లోగా తిప్పి పంపితే ఫోన్ చేసిన రోజు నుంచే డబ్బు లెక్క. ఈ బెనిఫిట్‌కు వెనక్కి లెక్కగట్టి ఇచ్చే పద్ధతి లేదు. అందుకని విజిట్ మొదటి పావుగంటలోనే ఈ ఫోన్ చేసేయండి.

గత మూడేళ్లలో రెండేళ్లు ఈ దేశంలో ఉండాలన్న నియమాన్ని సాధారణంగా మరచిపోతారు. ఏటా ఆరు నెలలు ఊరెళ్లి వచ్చేవాళ్ల పాస్‌పోర్టు ముద్రలు కూర్చుని లెక్కపెట్టండి.

3. ఫారం నింపడం: "బాగానే ఉన్నానమ్మా" అన్న మాటను దాటి వెళ్లాలి

తిరస్కరణల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. మన పెద్దవాళ్లు కష్టం చెప్పుకోవడానికి ఇష్టపడరు. "స్నానం చేసుకోగలరా అండీ?" అని అడిగితే "ఆ, చేసుకుంటాను" అంటారు. దాన్నలాగే రాస్తే క్లెయిమ్ అయిపోయినట్టే. "చేయగలరా" అని అడగకండి, "ఎలా చేశారు" అని అడగండి.

"నిన్న స్నానం ఎలా చేశారండీ? టబ్బులోకి కాలు పెట్టేటప్పుడు దేన్ని పట్టుకున్నారు? వీపు ఎవరు రుద్దారు? ఎంతసేపు పట్టింది? వారంలో ఎన్నిసార్లు స్నానం మానేసి తడిగుడ్డతో తుడుచుకుంటున్నారు?" ఇలా అడిగితే, "కోడలు పక్కన నిలబడకపోతే వెళ్లనమ్మా, మొన్న జారింది కదా" అన్న అసలు మాట బయటికొస్తుంది.

లెక్కలోకి వచ్చేవి: లేవడం, పడుకోవడం, బట్టలు, స్నానం, మరుగుదొడ్డి, ఇంట్లో నడక, తినడం, మందులు వేళకు వేసుకోవడం, చూపో వినికిడో తగ్గి మాట్లాడటానికీ ఉత్తరాలు చదవడానికీ సాయం, పడిపోకుండా లేదా ప్రమాదం జరగకుండా కనిపెట్టి ఉండటం. వంట, ఇల్లు ఊడ్చడం, షాపుకు వెళ్లడం లెక్కలోకి రావు. రెండు పేజీలు వంట కష్టాలే రాసి పంపి, జవాబు చూసి బాధపడేవాళ్లు ఎందరో. ఇంగ్లీషు రాక ఉత్తరం చదివించుకోవడం కూడా లెక్కలోకి రాదు, చూపు తగ్గి చదివించుకుంటే వస్తుంది.

ఇంకో అపోహ: "నాకు సాయం చేసేవాళ్లెవరూ లేరు కదా, ఎలా ఇస్తారు?" సాయం అందుతోందా అన్నది కాదు, అవసరమా అన్నదే ప్రశ్న. అరగంట కష్టపడి, నొప్పితో, గోడ పట్టుకుని ఒంటరిగా చేసుకున్నా అవసరం ఉన్నట్టే.

ప్రతి పెట్టెలోనూ నాలుగు విషయాలుండాలి: ఏ పని, ఎందుకు కష్టం, ఎన్నిసార్లు, ఎంతసేపు. తేడా చూడండి.

బలహీనం: "బట్టలు వేసుకోవడానికి సాయం కావాలి."

బలమైనది: "కుడి భుజం కీలు అరిగిపోయి చెయ్యి తల మీదికి లేవదు. రోజూ ఉదయం, రాత్రి జాకెట్టు చేతులు తొడగడానికి, హుక్కులు పెట్టడానికి కూతురు సాయం చేయాలి. ఒక్కో పూట 15 నిమిషాలు. కూతురు లేని రోజు రాత్రి బట్టలతోనే ఉండిపోతారు."

రాత్రి విషయంలో నియమాల్లో వాడే "రిపీటెడ్" అన్న మాటకు అర్థం రెండుసార్లు లేదా ఎక్కువ, "ప్రొలాంగ్డ్" అంటే సుమారు 20 నిమిషాలు. కాబట్టి "రాత్రి లేస్తారు" అని వదిలేయకండి. "2 గంటలకు, 5 గంటలకు బాత్రూముకు లేవాలి, రెండుసార్లూ లేపి నడిపించాలి" అని రాయండి. మంచి రోజులూ చెడ్డ రోజులూ ఉంటే వారంలో ఏవి ఎన్నో రాయండి. చెడ్డ రోజు ఒక్కటే రాసి, నెలకొకసారి వచ్చేదాన్ని రోజూ వచ్చినట్టు చూపకండి. అది అబద్ధం అవుతుంది, డాక్టరు రిపోర్టుతో సరిపోలక పోగొట్టుకునేది కూడా ఆవిడే.

ఒక వారం డైరీ పెట్టిస్తే ఫారం బరువు మారిపోతుంది. నోట్‌బుక్‌లో తెలుగులోనే రాయమనండి, మీరు ఇంగ్లీషులో సారాంశం జత చేయండి. అంతా అయ్యాక ఫారాన్ని తెలుగులో చదివి వినిపించి, ఆవిడ ఒప్పుకున్నాకే సంతకం చేయించండి. పంపేముందు ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టుకోండి. రేపు అప్పీలుకు వెళ్లాల్సి వస్తే ఆ ఫోటోలే ఆధారం.

4. పెన్షన్ క్రెడిట్: అలవెన్స్ జవాబు కోసం ఆగకండి

పెన్షన్ క్రెడిట్‌లో ప్రధాన భాగమైన గ్యారంటీ క్రెడిట్ వారపు ఆదాయాన్ని ఒంటరి మనిషికి 227.10 పౌండ్లకు, దంపతులకు 346.60కి పెంచుతుంది. దాచుకున్న డబ్బులో మొదటి 10,000 పౌండ్లు చూడరు. ఆపైన ప్రతి 500కూ, అందులో ఎంత భాగానికైనా, వారానికి 1 పౌండు ఆదాయంగా లెక్కేస్తారు. "16,000 దాటితే రాదు" అన్నది వేరే బెనిఫిట్ల నియమం. పెన్షన్ క్రెడిట్‌కు అలాంటి పై హద్దు లేదు.

ఒక లెక్క వేద్దాం. ఒంటరిగా ఉండే ఆవిడకు స్టేట్ పెన్షన్ 190, చిన్న ప్రైవేటు పెన్షన్ 25, బ్యాంకులో 13,200. పదివేలు పోగా 3,200. దాన్ని 500తో భాగిస్తే 6.4, అంటే 7 పౌండ్లు. మొత్తం 222. కాబట్టి వచ్చేది వారానికి 5.10. ఐదు పౌండ్ల కోసం ఇంత గొడవెందుకని వదిలేయకండి. ఆ చిన్న మొత్తం వెనకాలే కౌన్సిల్ టాక్స్ తగ్గింపు, అద్దె ఇంటికి హౌసింగ్ బెనిఫిట్, కరెంటు బిల్లులో 150 పౌండ్ల వార్మ్ హోమ్ డిస్కౌంట్, చలి తీవ్రమైన వారాల్లో 25 పౌండ్ల కోల్డ్ వెదర్ పేమెంట్, 75 దాటితే ఉచిత టీవీ లైసెన్సు వస్తాయి.

ఇప్పుడు అదే ఆవిడకు అటెండెన్స్ అలవెన్స్ తక్కువ రేటులో మంజూరైందనుకోండి. అది ఆదాయంగా లెక్కకు రాదు, పైగా ఒంటరిగా ఉంటే పెన్షన్ క్రెడిట్‌లో సివియర్ డిజబిలిటీ అడిషన్ (తీవ్ర వైకల్యానికి ఇచ్చే అదనపు మొత్తం) 82.90 కలుస్తుంది. కనీస మొత్తం 310.00 అవుతుంది. అందులో 222 తీసేస్తే 88.00. దానికి అలవెన్స్ 73.90 కలిపితే, మీరు గుమ్మం తొక్కిన రోజుకన్నా వారానికి 161.90 పౌండ్లు ఎక్కువ. బిల్లుతో మొదలుపెట్టొద్దని చెప్పింది ఇందుకే.

అయినా అలవెన్స్ జవాబు వచ్చేదాకా పెన్షన్ క్రెడిట్ ఆపకండి. ఇది 3 నెలలకు మించి వెనక్కి లెక్కగట్టరు. ఆన్‌లైన్‌లో గానీ, 0800 99 1234లో గానీ వెంటనే అడగండి, 3 నెలలు వెనక్కి కూడా నోటితో అడగండి. ఆదాయం కొంచెం ఎక్కువై తిరస్కరిస్తే, అలవెన్స్ మంజూరైన రోజే మళ్లీ దరఖాస్తు చేయండి. అడిషన్ కలిసాక హద్దు పెరుగుతుంది కాబట్టి రెండోసారి వచ్చే అవకాశం ఉంటుంది. ముందే వస్తోందనుకోండి, అలవెన్స్ ఉత్తరం రాగానే ఫోన్ చేసి అడిషన్ కలపమని చెప్పండి. తనంతట తనే కలుస్తుందని నమ్మి కూర్చోవద్దు.

ఇక్కడ జరిగే పొరపాట్లు చూడండి.

ఇంట్లో కొడుకు జీతం. అది లెక్కలోకి రాదు. పెన్షన్ క్రెడిట్ ఆ పెద్ద మనిషిది, జీవిత భాగస్వామిది మాత్రమే చూస్తుంది. కానీ కొడుకు, కోడలు అదే ఇంట్లో ఉంటే సివియర్ డిజబిలిటీ అడిషన్ సాధారణంగా రాదు. దంపతులైతే మామూలుగా ఇద్దరికీ అలవెన్స్ ఉండాలి.

కేరర్స్ అలవెన్స్. వారానికి 35 గంటలు చూసుకుంటున్న కూతురు దాన్ని తీసుకోవడం మొదలుపెడితే తల్లి అడిషన్ ఆగిపోతుంది. కూతురికి వచ్చేది 83.30, తల్లికి పోయేది 82.90. కూతురి యూనివర్సల్ క్రెడిట్‌లో దాన్ని ఆదాయంగా కోసేస్తే కుటుంబం మొత్తానికి నష్టం రావచ్చు. అడిగేముందు ఇద్దరి లెక్కా పక్కపక్కన వేయండి. ఎన్‌టైటిల్డ్‌టు, టర్న్‌టుఅజ్ వంటి ఉచిత క్యాలిక్యులేటర్లలో "తీసుకుంటే", "తీసుకోకపోతే" అని రెండుసార్లు నడపండి.

ఊళ్లో పొలం, ఇల్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్. దేశం బయట ఉన్నా ఆస్తే, చెప్పి తీరాలి. "వాళ్లకెలా తెలుస్తుందిలే" అన్న మాట ఎవరన్నా మీరు దానికి తోడు నిలబడొద్దు. తర్వాత బయటపడితే అధికంగా తీసుకున్నదంతా తిరిగి కట్టమంటారు. బెనిఫిట్ కోసం డబ్బును పిల్లల పేరుకు మార్చినా, ఇంకా ఆవిడ దగ్గరే ఉన్నట్టు లెక్కేయొచ్చు.

ఊరు ప్రయాణం. దేశం దాటి 4 వారాలు మించితే పెన్షన్ క్రెడిట్ మామూలుగా ఆగుతుంది. దగ్గరివాళ్లు చనిపోయి 4 వారాల్లో తిరిగి రావడం కుదరకపోతే 8 వారాల దాకా సడలింపు ఉంది. అటెండెన్స్ అలవెన్స్‌కు 13 వారాలు. టిక్కెట్టు కొనేముందే చెప్పండి, వెళ్లేముందు డీడబ్ల్యూపీకి తెలియజేయమనండి.

5. కౌన్సిల్ టాక్స్

పెన్షన్ క్రెడిట్ ఫోన్ కాల్‌లో కౌన్సిల్ టాక్స్ గురించి అడిగినా, కౌన్సిల్‌కు విడిగా దరఖాస్తు చేయడమే క్షేమం. ఒంటరిగా ఉంటే 25 శాతం తగ్గింపు ఉందో లేదో బిల్లు మీద చూడండి. డిమెన్షియా ఉన్నవాళ్ల విషయం చాలామంది సలహాదారులకే తెలియదు: "సివియర్ మెంటల్ ఇంపెయిర్‌మెంట్" అని డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చి, అటెండెన్స్ అలవెన్స్ లాంటి అర్హత ఉంటే, ఒంటరిగా ఉండేవాళ్లకు కౌన్సిల్ టాక్స్ పూర్తిగా మాఫీ. ఇంకొక్క పెద్ద మనిషి ఉంటే 25 శాతం తగ్గింపు. సర్టిఫికెట్ మీద ఆ స్థితి ఏ తేదీ నుంచి ఉందో రాయించండి.

అద్దె ఇంట్లో ఉండి హౌసింగ్ బెనిఫిట్ తీసుకుంటున్నవాళ్లకు, ఇంట్లో ఉంటున్న పెద్ద పిల్లల పేరు మీద ప్రతి వారం కోత పడుతుంటుంది. తల్లికి అటెండెన్స్ అలవెన్స్ ఉంటే ఆ కోత ఉండదు. మంజూరు ఉత్తరం రాగానే కౌన్సిల్‌కు పంపండి.

6. ఇప్పుడు బిల్లు, మీటరు

టార్చి తీసుకుని మీటరు దగ్గరకు వెళ్లండి. బిల్లులో ఉన్నది నమ్మి కూర్చుంటే ఉపయోగం లేదు.

మొదట మీటరు మీది సీరియల్ నంబరు, బిల్లు మీది నంబరు ఒకటేనా చూడండి. ఫ్లాట్లలో పక్కింటి మీటరుకు బిల్లు కట్టేవాళ్లు ఉంటారు. అనుమానం వస్తే ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపి, మీటరు ఆగిందో లేదో చూడండి. అలా ఆపేముందు ఆక్సిజన్ మెషిన్ లాంటి వైద్య పరికరం ఏదైనా నడుస్తోందేమో తప్పకుండా అడగండి. ఉంటే ఈ పరీక్ష వద్దు, సప్లయర్‌కే చెప్పండి.

తర్వాత రీడింగ్. బిల్లులో "ఎస్టిమేటెడ్" అని ఉంటే ఆ అంకె ఊహే. అసలు రీడింగ్ ఫోటో తీసి పంపితే బిల్లు మళ్లీ తయారవుతుంది. ఎకానమీ 7 మీటరుకు (రాత్రి కరెంటు చవగ్గా ఉండేది) రెండు రీడింగ్‌లుంటాయి, పగటిదీ రాత్రిదీ తారుమారై ఉండటం అరుదేమీ కాదు. స్టోరేజ్ హీటర్లున్న (రాత్రి చవక కరెంటుతో వేడి నింపుకుని పగలు వదిలేవి) ఇంట్లో రాత్రి అంకె చలికాలంలో వేగంగా పెరగాలి. అలా పెరగడం లేదంటే ముందు ఈ తారుమారునే అనుమానించండి.

గ్యాస్ దగ్గర "యూనిట్" అన్న మాట మోసం చేస్తుంది. కరెంటులో యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్. గ్యాస్ మీటర్లో యూనిట్ అంటే గ్యాస్ పరిమాణం. కొత్త మీటర్లు క్యూబిక్ మీటర్లలో, సాధారణంగా ఐదు అంకెలతో చూపిస్తాయి. పాతవి వంద క్యూబిక్ అడుగుల లెక్కన, నాలుగు అంకెలతో. క్యూబిక్ మీటరుకు సుమారు 11.2 కిలోవాట్ అవర్లు, పాత మీటరు యూనిట్‌కు సుమారు 31.7. కొత్త మీటరును పాతదానిగా రికార్డులో నమోదు చేస్తే బిల్లు 2.83 రెట్లు అవుతుంది. ఈ తప్పు సప్లయర్‌కు రాతపూర్వకంగా, మీటరు ఫోటోతో చెప్పాలి.

సప్లయర్ తప్పు వల్ల సరైన బిల్లు రాకపోతే 12 నెలలకు ముందు వాడిన దానికి ఇప్పుడు డబ్బు అడగకూడదు. "బ్యాక్ బిల్లింగ్ రూల్" అని ఆ పేరుతోనే అనండి. ఫిర్యాదు తేదీ రాసి పెట్టుకోండి. 8 వారాల్లో తేలకపోతే ఫిర్యాదులు తేల్చే స్వతంత్ర సంస్థ ఎనర్జీ ఆంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు, ఖర్చు లేదు.

కరెంటు, గ్యాస్ కంపెనీలను నియంత్రించే ఆఫ్‌జెమ్ పెట్టే ప్రైస్ క్యాప్ గురించి ఒక్క మాట. అది యూనిట్ ధరకూ స్టాండింగ్ చార్జీకీ హద్దు, మొత్తం బిల్లుకు కాదు. వార్తల్లో చెప్పే ఏడాది మొత్తం చూసి "ఇంతకు మించి రాదు" అని హీటింగ్ వదిలేసేవాళ్లూ ఉన్నారు, "అంత వస్తుందా" అని భయపడి ఆపేసేవాళ్లూ ఉన్నారు. రెండూ వినగానే సరిదిద్దండి.

7. సప్లయర్‌తో ఒకే ఫోన్‌లో అయిపోయే పనులు

- ప్రయారిటీ సర్వీసెస్ రిజిస్టర్‌లో పేరు చేర్చడం. కరెంటు పోయేముందు సమాచారం, పెద్ద అక్షరాల బిల్లు, మీటరు చదివిపెట్టడం లాంటివి ఉచితం. కరెంటు పోతే 105కు ఫోన్ చేయాలి.
- కరెంటు ఖాతా ఎవరి పేరున ఉందో చూడటం. వార్మ్ హోమ్ డిస్కౌంట్ రావాలంటే బెనిఫిట్ తీసుకునే మనిషి లేదా భాగస్వామి పేరు బిల్లు మీద ఉండాలి. కొడుకు పేరున ఉండి, అమ్మకు పెన్షన్ క్రెడిట్ వస్తుంటే 150 పౌండ్లు పోయినట్టే. ఏటా ఆగస్టులో ఒక అర్హత తేదీ ఉంటుంది, పేరు మార్పు దానికి ముందే జరగాలి.
- బాకీ ఉంటే కట్టగలిగినంతే కిస్తీ. ముందు నెల ఖర్చుల లెక్క రాసుకుని, అందులో మిగిలే మొత్తాన్నే చెప్పండి. భయపడి ఎక్కువ ఒప్పుకుంటే రెండో నెలలోనే తప్పుతుంది. 75 దాటి, ఇంట్లో వేరే ఆసరా లేనివాళ్లకు బలవంతంగా ప్రీపేమెంట్ మీటరు పెట్టకూడదు.

వింటర్ ఫ్యూయల్ పేమెంట్ చాలామందికి తనంతట తనే వస్తుంది: ఇంటికి 200 పౌండ్లు, 80 దాటితే 300. ఆదాయం 35,000 దాటితే పన్ను ద్వారా వెనక్కి తీసుకుంటారు. "అప్లై చేయడానికి ఇక్కడ నొక్కండి" అని ఫోన్‌కు మెసేజ్ వస్తే అది మోసం. ఆవిడ ఎదుటే దాన్ని చెరిపేయించండి.

8. ఇల్లు వెచ్చగా, ఖర్చు తక్కువగా

విజిట్ మొదట్లోనే ఆవిడ ఎక్కువసేపు కూర్చునే కుర్చీ పక్కన థర్మామీటరు పెట్టి, బెనిఫిట్ల పని అయ్యేదాకా వదిలేయండి. 18 డిగ్రీల కన్నా తక్కువుంటే ఖర్చు తగ్గించే మాటే ఎత్తకండి. ముందు వెచ్చదనం. పెద్ద వయసులో చలి గుండెకూ ఊపిరితిత్తులకూ హాని.

గ్యాస్ హీటింగ్ ఉండి కూడా కరెంటు హీటరు పెట్టుకుని ఒకే గదిలో కూర్చునే ఇళ్లు చాలా. అది ఆదా అనుకుంటారు. 2025 చివర్లో కరెంటు యూనిట్ సుమారు 26 పెన్నీలు, గ్యాస్ 6 పెన్నీలు. 2 కిలోవాట్ల హీటరు 5 గంటలు నడిస్తే 10 యూనిట్లు, 2 పౌండ్ల 60 పెన్నీలు. అదే వేడి గ్యాస్‌తో, బాయిలరు నష్టం కలుపుకున్నా, పౌండు లోపే. ఆ గది రేడియేటరు తెరిచి, వాడని గదుల వాల్వులు తగ్గిస్తే సరిపోతుంది. పక్కలో ఎలక్ట్రిక్ బ్లాంకెట్ మాత్రం మంచి బేరం, సుమారు 100 వాట్లే. పాతబడి వైర్లు బయటికి కనిపిస్తే తీసేయించండి.

కాంబీ బాయిలరైతే (వేడినీళ్ల ట్యాంకు అక్కర్లేనిది) హీటింగ్ ఫ్లో ఉష్ణోగ్రత, అంటే రేడియేటర్లకు వెళ్లే నీళ్ల వేడి, 60 డిగ్రీలకు తగ్గించొచ్చు. గది వెచ్చదనం మారదు, బాయిలరు తక్కువ గ్యాస్ తింటుంది. వేడినీళ్ల ట్యాంకు ఉన్న ఇంట్లో ఈ మార్పు చేయకండి. ట్యాంకు నీళ్లు 60 లేదా పైన ఉండాలి, లేకపోతే లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. ట్యాంకు బీరువాలో 3 కిలోవాట్ల ఇమ్మర్షన్ హీటర్ (ట్యాంకు నీళ్లను కరెంటుతో కాచేది) స్విచ్ ఎప్పుడూ వేసి ఉందేమో మాత్రం చూడండి. కారణం తెలియని పెద్ద కరెంటు బిల్లులకు తరచూ అదే మూలం.

స్టోరేజ్ హీటర్‌కు రెండు నాబ్‌లు. "ఇన్‌పుట్" రాత్రి ఎంత వేడి నింపుకోవాలో, "అవుట్‌పుట్" ఎంత వదలాలో చెబుతుంది. అవుట్‌పుట్ రాత్రంతా తెరిచి ఉంచితే తెల్లారేసరికి ఖాళీ, సాయంత్రం చలి, మళ్లీ పగటి రేటులో ఫ్యాన్ హీటరు. పడుకునేముందు అవుట్‌పుట్ కనిష్ఠానికి. నాబ్ మీద రంగు స్టిక్కరు అంటించి, ఆవిడ చేతే రెండుసార్లు తిప్పించండి. కాగితం మీద రాసిచ్చింది వారంలో మరచిపోతారు.

బయటికొచ్చేముందు కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి చూడండి. గ్యాస్ వాసన వస్తే 0800 111 999.

9. ఫలితం చెక్ చేయడం

ఆరు వారాల తర్వాత తప్పకుండా ఫోన్ చేయండి. "డబ్బు వచ్చిందా?" అన్న ప్రశ్న చాలదు. మంజూరు ఉత్తరం ముందు పెట్టించుకుని ఇవి అడగండి: మొదలు తేదీ మీరు ఫారం కోసం ఫోన్ చేసిన రోజేనా? పెన్షన్ క్రెడిట్ 3 నెలలు వెనక్కి వెళ్లిందా? అడిషన్ పేరు ఉత్తరంలో విడిగా కనిపిస్తోందా? మొత్తం మీ క్యాలిక్యులేటర్ లెక్కతో సరిపోయిందా? ఒక పౌండు తేడాకు సాధారణంగా సేవింగ్స్ లెక్క కారణం. ఎనభై పౌండ్ల తేడా అంటే అడిషన్ మరచిపోయారు.

తిరస్కరించినా, తక్కువ రేటు ఇచ్చినా, ఉత్తరం తేదీ నుంచి ఒక నెలలోగా మ్యాండేటరీ రీకన్సిడరేషన్ (నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించడం) అడగాలి. ఉత్తరం ఆలస్యంగా వస్తుంది, ఆవిడ మీకు చూపించేసరికి పది రోజులు పోతాయి, కాబట్టి కవరు చూసిన రోజే ఫోన్ చేసి అడగండి, ఆధారాలు తర్వాత పంపుతామని చెప్పండి. అప్పుడూ మారకపోతే ఆ నోటీసు నుంచి ఇంకో నెలలో ట్రిబ్యునల్‌కు అప్పీలు. ఎక్కువ రేటు కోసం అడిగితే ఉన్నదీ తగ్గే అవకాశం ఉందని ముందే చెప్పి, నిర్ణయం ఆవిడకే వదలండి.

ఉత్తరాల కవరు పైన మార్కర్‌తో రాసిపెట్టి రండి: "హాస్పిటల్లో చేరితే, ఇంట్లోకి ఎవరైనా వచ్చి చేరితే, ఊరెళ్తుంటే ముందు ఫోన్ చేయాలి." హాస్పిటల్లో 28 రోజులు దాటితే అటెండెన్స్ అలవెన్స్ ఆగుతుంది, దాంతో అడిషన్ కూడా. ఇంటికి వచ్చిన రోజు మళ్లీ చెప్పకపోతే ఆగినది ఆగినట్టే ఉండిపోతుంది. అందుకే డిశ్చార్జ్ కాగితం చేతికి రాగానే చేయాల్సిన మొదటి ఫోన్ ఎవరిదో, కొడుకా కూతురా పక్కింటివాళ్లా, ఇప్పుడే పేరు అడిగి అదే కవరు మీద రాయించండి.